చీర కొంగు కాదు, నా చున్నీ

మా తమ్ముడు సినిమా తీశాడు. మా ఇంటి గురించేనని, రేపల్లెలో మేం పెరిగిన రోజులన్నీ అందులో ఉంటాయని ఏడాదిగా ఫోన్లో చెబుతూనే ఉన్నాడు. విడుదలైన మర్నాడు బడికి సెలవు పెట్టి, అమ్మని తీసుకుని బాపట్లలో రైలెక్కాను. తెనాలిలో హాలుకి వాడు కూడా వస్తానన్నాడు.

సినిమా బాగుంది. ఆ మాట ముందే చెప్పాలి. పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా చేసే తండ్రి, కంచం ముందు కూర్చుంటే ఎవరితోనూ మాట్లాడని తండ్రి, అచ్చం మా నాన్నే. పోయి పదేళ్లయిన మనిషిని మళ్లీ చూసినట్టయింది. అయితే సగం సినిమా గడిచాక గాని నాకో సంగతి తట్టలేదు. ఆ ఇంట్లో కూతురు లేదు.

ఒకచోట కొడుకు బడి గోడ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటాడు. తల్లి చీర కొంగు చించి, ఆ చేతిని మెడకి వేలాడగట్టి, రైల్లో తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్తుంది. కూర్చోడానికి చోటు దొరకదు. దారంతా వాణ్ణి ఎత్తుకుని నిలబడుతుంది. హాల్లో చాలామంది ముక్కులు చీదుకున్నారు. నా పక్కన అమ్మ కూడా ఏడ్చింది.

అది జరిగిన రోజు అమ్మ మా ఇంట్లో లేదు. నాన్నతో పడలేక కొల్లూరులో పుట్టింటికి వెళ్లిపోయి అప్పటికి ఎనిమిది నెలలు. తిరిగి వచ్చేసరికి మూడేళ్లు పట్టింది. వెళ్లినందుకు ఆమెని నేను తప్పుపట్టను. నాన్న మాటలు ఎవరూ పడలేరు. కానీ వెళ్లింది. అప్పుడు తమ్ముడికి ఆరేళ్లు, నాకు పద్దెనిమిది. బాపట్లలో హాస్టల్లో ఉండి డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. నాన్న వచ్చి గేటు దగ్గరే నిలబడి, "పెట్టె సర్దుకో. తమ్ముడికి అన్నం వండేవాళ్లు లేరు" అన్నాడు. నెల రోజులే అనుకుని సగం పుస్తకాలు హాస్టల్లోనే వదిలి వచ్చాను.

వాడి చేతికి కట్టింది నా కాలేజీ చున్నీ. తెల్లది. ఇక దాంతో పనిలేదని అప్పటికి తెలిసిపోయింది కాబట్టి చించేటప్పుడు ఆలోచించలేదు. ఆ డిగ్రీ నేను ముప్పై దాటాక ప్రైవేటుగా కట్టి పూర్తి చేశాను.

సినిమా వదిలాక, మా అమ్మేనని తమ్ముడు చెప్పగానే జనం ఆమె చుట్టూ మూగారు. ఒకావిడ ఆమె రెండు చేతులూ పట్టుకుని, "మీలాంటి తల్లి ఉండబట్టే పిల్లాడు ఇంతవాడయ్యాడండి" అంది. అమ్మ తల దించుకుని, "ఏదో, నా బిడ్డ కోసం చేసుకున్నానమ్మా" అంది.

టిఫిన్ తినడానికి ముగ్గురం హోటల్లో కూర్చున్నాం. నేను తమ్ముణ్ణి అడిగాను.

"చెయ్యి విరిగినప్పుడు నిన్ను తెనాలి తీసుకొచ్చింది ఎవర్రా?"

"అమ్మ కదా."

"అమ్మ అప్పుడు కొల్లూరులో ఉంది."

వాడు అమ్మ వైపు చూశాడు. అమ్మ తల ఎత్తకుండా ఇడ్లీ తుంచుకుంటోంది.

"కొల్లూరులో ఉన్నది ఏదో వేసవి సెలవుల్లో కదక్కా?"

"మూడేళ్లు."

"నాకలా గుర్తులేదు," అన్నాడు. సాంబారు పోసుకుంటూ, "అయినా అది సినిమా అక్కా. నిన్ను కూడా పెడితే అమ్మ పాత్ర పల్చబడిపోయేది" అన్నాడు.

గుర్తులేనివాడికి నన్ను తీసెయ్యాలని ఎలా తోచింది? ఆ మాట అడగలేదు. అడిగితే వాడు ఇంకేదో చెప్పేవాడు, దాన్ని నేను నమ్మాల్సి వచ్చేది. కాఫీ తాగి లేచాం.

తిరుగు రైల్లో అమ్మతో అన్నాను. "వాడికి నువ్వయినా చెప్పొచ్చు కదమ్మా."

"ఏం చెప్పమంటావే? ఆరేళ్లవాణ్ణి ఒదిలేసి పోయానని చెప్పనా? వాడు నన్ను మంచిదాన్ని చేశాడు. అదన్నా ఉండనీ."

నన్నూ ఒదిలేశావు కదా అని నోటిదాకా వచ్చింది. ఆమెకి డెబ్బై దగ్గరపడుతున్నాయి. బాపట్లలో చెయ్యి పట్టుకుని రైలు దింపాను.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి అమ్మ లేచింది. దేవుడు తన కొడుకు చేతిని ఎలా బాగుచేశాడో, రైల్లో తను ఎలా నిలబడిందో చెప్పింది. సినిమాలో లేనివి కూడా రెండు మూడు కలిపింది. ముందు వరసలో ఉన్న పాస్టరమ్మగారు వెనక్కి తిరిగి, "మీ అమ్మగారు ఎంత ఓర్చుకున్నారో కదండి" అన్నారు.

"అవునండి," అన్నాను. నాకిప్పటికీ మింగుడుపడనిది ఆ మాటే. నన్నెవరూ బలవంతపెట్టలేదు.

పోయిన నెల తమ్ముడు ఫోన్ చేశాడు. ఇంకో సినిమా రాస్తున్నాడట, నాన్న గురించి. "నీకయితే అన్నీ గుర్తుంటాయి కదక్కా, కొంచెం చెప్పు" అన్నాడు.

"నాకేం గుర్తులేదురా," అన్నాను.

"సర్లే, అమ్మకివ్వు."

ఇచ్చాను. అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని, నాన్న తనని ఎంత బాగా చూసుకునేవాడో చెప్పడం మొదలుపెట్టింది.