కథలోని కూత

ఆ రోజు నేను చేసిన తప్పు, ఒకాయన తొలి కథను పదిమందిని నవ్వించడానికి చదవడం. దయ్యాలంటే అప్పటికి నాకు నమ్మకం లేదు. బడిలో పిల్లలకూ లేవనే చెప్పేవాణ్ణి.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడు. కోదాడలో పంతులుగా ఉన్నాను. మా వైపు పుట్టిన ఒక నవలాకారుడికి అప్పటికే గొప్ప పేరు. ఆయన కుర్రతనంలో రాసిన కథ ఉన్న పాత పత్రిక తోటి పంతులు రంగయ్యకు దొరికింది. సాయంత్రం గ్రంథాలయం అరుగు మీద దాన్ని పైకి చదివాను.

కథ పేలవంగా ఉంది. అనంతగిరిలో గొర్రెలు కాసే ఆడమనిషి మందను పిలుస్తూ బావిలో పడిపోతుంది. అంతే. వాక్యానికో ‘అయ్యో’. ఆమె కూతను మాత్రం అక్షరాల్లో పొడుగ్గా రాశాడు. అందరూ నవ్వుతున్నారని దాన్ని గొంతెత్తి మళ్లీ మళ్లీ కూశాను.

రోడ్డు మీద పోతున్న మంద ఆగింది. వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చింది.

“మన రచయితకు పాఠకులొచ్చిండ్రు, సదువు పంతులూ!” అన్నాడు రంగయ్య.

గొర్రెలు అరవలేదు. అరుగు చుట్టూ నిలబడి నా నోటి వైపే చూస్తున్నాయి. కాపరి మల్లయ్య ఎంత పిలిచినా, కర్ర ఆడించినా ఒక్కటీ కదల్లేదు. అతని ముఖం పాలిపోయింది.

“గా కూత నీకెవరు నేర్పిండ్రు పంతులూ? గది మా అక్కది. బావిల వడి సచ్చి ఇరవై ఏండ్లాయె. మా కాపరోళ్లల్ల ఎవరి కూత వాళ్లదే, ఇంకొకరు కూయరు. ఈ గొర్రెలు అప్పటికి పుట్టనే లేదు.”

నవ్వులు ఆగిపోయాయి. నేను దిగి నడిస్తే మంద నా వెంట నడిచింది. ఆగితే ఆగింది.

“మళ్ల కూయకు, నీ కాళ్లు మొక్కుతా. నా బతుకు గివే. గా కూత ఎంబడి వోయి బావిల దుంకుతయి,” అని ఏడ్చాడు మల్లయ్య.

“తప్పయింది తల్లీ,” అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు. అప్పుడు మంద మళ్లింది.

నవలాకారుడిది అనంతగిరి పక్క ఊరే. ఆ కూత విని ఉంటాడు. గొర్రెల సంగతే నాకు ఇప్పటికీ అంతు చిక్కదు.

ఆదివారం ఆ పత్రిక పట్టుకుని అనంతగిరికి నడిచిపోయి మల్లయ్యను క్షమించమన్నాను. “మా అక్క గురించి ఏం రాసిండో జర సదువు,” అన్నాడు. దొడ్డి పక్కన కూర్చుని మెల్లగా చదివాను. ఈసారి ఆ ‘అయ్యో’లకు నవ్వు రాలేదు. ఆమెను ఎరిగిన పిల్లవాడు ఏడుస్తూ రాసినట్టున్నాయి.

కూత వచ్చిన చోట ఆగి, చదవకుండా పేజీ తిప్పాను.

దొడ్డిలో పడుకున్న గొర్రెలు అప్పటికే లేచి నిలబడ్డాయి.