టీ కంటే ఉమ్మి ఎక్కువ

నా చిన్నప్పుడు, మేము ఈ దేశం వచ్చిన కొత్తలో క్లేటన్‌లో ఉండగా, ఆదివారం వచ్చిందంటే నాకు ఒళ్ళు మండేది. నాన్నకు ఇక్కడ మొదటి ఉద్యోగం చూపించిన పెద్దంకుల్ పొద్దున్నే మా సోఫాలో చేరి సాయంత్రం దాకా కదిలేవాడు కాదు. అమ్మ ఇచ్చిన టీ తాగుతూ అమ్మకే సుద్దులు చెప్పేవాడు. నాన్న తల ఊపుతూ కూర్చునేవాడు. అది చూస్తే ఇంకా మండేది.

పక్కింటి హాంకాంగ్ ఆంటీకి నా కోపం నచ్చేది. ఫెన్సు దగ్గర నిలబడి నాకు కాంటొనీస్ తిట్లు నేర్పేది. బూతులు కావు. పని ఎగ్గొట్టేవాడు పాముల రాజట, అన్నీ మరిచిపోయేవాడు పెద్ద తలకాయ రొయ్యట. ఇక వాగుడుకాయకైతే 'హౌ సొయ్ దో గ్వో చా', అంటే టీ కంటే ఉమ్మి ఎక్కువ అని. పెద్దంకుల్ నోరు తెరిచినప్పుడల్లా నేను అదే గొణుక్కునేదాన్ని. ఆయనకు అర్థం కాదన్నదే నా ధైర్యం.

ఒకసారి అమ్మకు నర్సింగ్ కోర్సులో సీటు వచ్చింది. సోమవారం వెళ్ళి చేరకపోతే పోతుంది. ముందురోజు పెద్దంకుల్ అందుకున్నాడు. "ఈ వయసులో యూనివర్సిటీకెళ్ళి ఏం సాధిస్తావమ్మా? పిల్లనెవరు చూస్తారు? నా మాట విని డ్రాప్ చేసెయ్."

నాన్న తల ఊపాడు. అమ్మ కళ్ళు దించుకుంది. సరేనంటుందేమోనని నాకు భయం వేసింది. తను చేసిన ఎగ్ టార్టులు ఇవ్వడానికి వచ్చి కూర్చున్న ఆంటీకి ఆయన మాటలు ఇంగ్లీషులో చెవిలో చెప్పాను. ఆవిడ తాపీగా ఆ కాంటొనీస్ మాట పైకే అనేసింది. నేను కిసుక్కున నవ్వాను. అంటే ఏమిటని ఆయన ఆంటీని అడిగాడు.

ఏదో మంచిమాట అని చెప్పి తప్పించుకుంటుందనుకున్నాను. ఆవిడ ఆయన కళ్ళలోకి చూసి, ఆయనకు బాగా తెలిసిన ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "నీ కప్పులో టీ కంటే నీ నోట్లో ఉమ్మి ఎక్కువని. పిల్లని నేను చూస్తాను. ఇంకేమైనా ఉందా?"

అమ్మ లేచి, సగం టీ ఉండగానే ఆయన ముందున్న కప్పు తీసేసింది. "రేపు పొద్దున్నే వెళ్ళి చేరుతున్నానండీ, అన్నయ్యగారూ" అంది. అన్నది ఆయనతోనే అయినా చూసింది మాత్రం నాన్న వైపు.

అమ్మ నర్సుగానే రిటైరైంది. ఆయన మీద నా కోపం ఇవాళ్టికీ చల్లారలేదు, నాన్న తల ఊపడం మీద కూడా. ఇప్పుడు నాకు మనవలున్నారు. ఎవరైనా నా ఎదుట ఇంకొకరి బతుకు మీద తీర్పులు చెబుతుంటే, ముందు నా నాలుక చివరికి ఆ కాంటొనీస్ మాటే వస్తుంది. దాన్ని మింగేసి, వాళ్ళకు అర్థమయ్యే భాషలో చెబుతాను.