అత్త దంచి పోసిన విత్తనం

సూళ్లూరుపేట అవతల మా దొడ్డిలో పందులకు వేరుశనగ చెక్క నానబెడుతుంటే ఫోన్ వచ్చింది. జువ్వలదిన్నెలో మా మేనత్త పోయింది. పొద్దున లేచి దొడ్డి ఊడ్చి, టీ తాగి మంచం మీద వాలిందట, అంతే. చేతికంటిన చెక్క సరిగ్గా కడుక్కోకుండానే బస్సెక్కాను. పంది పేరెత్తితే ముక్కు మూసుకునేవాళ్లు మీలో ఉంటారని తెలుసు. కాసేపు ఓర్చుకోండి. పందుల్ని వదిలేసి ఆమె గురించి చెప్పడం నా వల్ల కాదు.

పెళ్లయిన కొత్తలో మేమూ జువ్వలదిన్నెలోనే ఆమె పక్కన దొడ్డి పెట్టుకున్నాం. రేవులో పారేసే చేప తలలూ పేగులే మా పందులకు మేత. వేసవిలో వేట నిషేధం వస్తే బోట్లు కట్టేస్తారు, ఆ మేతా ఆగిపోతుంది. ఆ రోజుల కోసం అత్త ముందే నూనె మిల్లు నుంచి, గింజ పిండగా మిగిలిన చెక్క తెచ్చి పెట్టుకునేది. తెచ్చింది తెచ్చినట్టు పెట్టేది కాదు. తవుడులో గుప్పెడు కలిపి, రోజురోజుకీ కాస్త పెంచేది. "మేత మార్చేటప్పుడు కడుపుకి ముందు చెప్పాల మే" అనేది. ప్రతి ముక్కా విరిచి వాసన చూసేది. పందికింత మర్యాదా అని నాకు ఒళ్లు మండేది.

ఒక ఏడాది నిషేధం మధ్యలో గాలివాన కొట్టింది. షెడ్డు రేకులు లేచిపోయి ఇద్దరి చెక్క మూటలూ తడిసి బూజు పట్టాయి. కరెంటు లేక మిల్లు ఆడటం లేదు. నాకున్నది ఒక్కటే చూడిపంది, అదీ ఈనే రోజుల్లో ఉంది. ఆ ఈత దక్కకపోతే మేం దొడ్డి మూసుకోవాల్సిందే. ఒట్టి తవుడు పోస్తే అత్త పందులు తిన్నాయి గానీ, నాది మూతి పెట్టి వదిలేసింది. ఆకలికి అది అరుస్తుంటే నాకు పిచ్చెక్కినట్టయింది. బూజు చెక్కనే కడిగి ఉడకబెట్టి, బకెట్టు ఎత్తుకుని బయల్దేరాను. అత్త మా దొడ్డి తడిక తలుపుకి అడ్డంగా నిలబడింది.

"బూజు చెక్క పెట్టమాక. లోపలుండే పిల్లలు పోతాయి."

"ఆకలికి మాత్రం పోవా అత్తా?"

ఆమె కదల్లేదు. వీధి చివరి దొడ్డివాళ్లు ఇలాగే ఉడికించి పెట్టారని, వాళ్ల చూడిపంది హాయిగా తింటోందని కోపంగా చెప్పాను. అత్త నా చేతిలో బకెట్టు లాక్కుని గుంటలో కుమ్మరించింది. ఆ క్షణాన ఆమె నాకు శత్రువులా కనిపించింది.

తర్వాత ఇంట్లోకి పోయి అటక మీది గోతం దించింది. అవి తొలకరికి చేలో వేయడానికి దాచిన వేరుశనగ విత్తనం కాయలు. నేను వద్దంటున్నా వినకుండా వలిచి, దోరగా వేయించి, రోట్లో దంచి తవుడులో కలిపింది. నూనె గింజ కదా, ఎక్కువైతే పంది పారుకుంటుందని కొంచెం కొంచెమే పోసింది. పంది మూతి పెట్టింది. తొట్టి అడుగుదాకా నాకేసింది. అత్త పైట నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మర్నాడు వీధి చివరి పందికి కడుపులో పిల్లలు పోయాయని తెలిసింది. నేను పోయి అత్త పక్కన కాయలు వలవడానికి కూర్చున్నాను. అత్త ఆ మాటే ఎత్తలేదు, కాయలు వలుస్తూనే ఉంది. గోతం అడుగంటుతోంది, మా పంది ఈనదు. ఇంకొక్క పూటకే గింజలున్నాయనగా ఈనింది. పిల్లలన్నీ దక్కాయి.

తొలకరికి చుట్టుపక్కల ఇసుక చేలన్నీ పచ్చబడ్డాయి. విత్తనం లేక అత్త చేను ఒక్కటే బోడిగా ఉండిపోయింది. ఒక సాయంత్రం పంది పిల్లల్ని ఆ చేలోకి వదిలాను. అత్త గట్టు మీద కూర్చుని ఉంది. దారిన పోతున్న రైతొకాయన ఆగి, ఈ ఏడు ఏమీ వేయలేదేం అక్కా అని అడిగాడు.

అత్త గడ్డంతో చేలోకి చూపించింది. "ఏసినా గదబ్బా. అదిగో, తిరగతా ఉండాయి."

ఇసుక ఎగజిమ్ముకుంటూ పిల్లలు ఆ గట్టు నుంచి ఈ గట్టుకు పరుగెత్తుతున్నాయి.