ఫోనులో ఉడికిన పప్పు

మా ఊళ్ళో పప్పు ఉడకదు. కాట్రేనికోన దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఊరు మాది. ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళే. ఆ నీళ్ళతో కందిపప్పు పొయ్యి మీద పెడితే మధ్యాహ్నం దాకా మరిగినా బద్ద బద్దగానే ఉంటుంది. టీ పెడితే పాలు విరుగుతాయి. తాగడానికీ, పప్పులోకీ కావలసిన నీళ్ళ కోసం పక్క ఊరి పంచాయతీ కుళాయి దగ్గరకు బిందెలు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. నా చిన్నతనంలో సగం ఆ దారిలోనే గడిచింది. పెద్ద బిందె అక్కది, చిన్న బిందె నాది. సగం దారికి వచ్చేసరికి నాకు మెడ నొప్పి వచ్చేది. అక్క తన బిందె నడుం మీదకు దించుకుని, నా బిందె నెత్తిన పెట్టుకునేది. ఇంటి మలుపు దగ్గర మళ్ళీ నా నెత్తికి మార్చేసేది. అమ్మ చూస్తే తిట్లు నాకని ఆ జాగ్రత్త.

అమ్మకు ఈ నీళ్ళ మీద ఎంత కసి ఉండేదంటే, పెళ్ళి సంబంధం వస్తే అబ్బాయి ఏం చేస్తాడని కూడా అడగకుండా, "మీ ఊళ్ళో పప్పు ఉడుకుతుందాండీ?" అని మొదలుపెట్టేది. అలా అడిగి అడిగి అక్కను జొన్నాడ దగ్గర గోదారి ఒడ్డున ఉన్న ఊరికి ఇచ్చింది. నా వంతు వచ్చేసరికి ఓపిక అయిపోయిందో ఏమో, నన్ను ఊళ్ళోనే మేనత్త కొడుక్కి కట్టబెట్టి చేతులు దులుపుకుంది.

మా బావగారికి అది జీవితానికి సరిపడా వేళాకోళమైంది. అత్తవారింటికి వచ్చి విస్తరి ముందు కూర్చోగానే, "మీ ఊళ్ళో పప్పు ఉడికేలోపు మా ఊళ్ళో పెళ్ళి భోజనాలు అయిపోతాయండీ" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆయన ఊరి నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉంటాయని తెలిసినందువల్ల ఇంకా మండేది.

తర్వాత వాళ్ళిద్దరూ కువైట్ వెళ్ళారు. ఆయన ఒక ఇంట్లో డ్రైవరు, అక్క ఇంకో ఇంట్లో వంటమనిషి. ఒకే దేశంలో ఉన్నా వారానికి ఒకసారి కలిస్తే గొప్ప. మొదట్లో అక్క గొంతు వినాలంటే కాట్రేనికోనలో ఫోను బూత్‌లో బల్ల మీద కూర్చోవాలి. ఫోను వచ్చాక "బాగున్నావా" అంటే "బాగున్నావా" అనుకోవడంతోనే సమయం అయిపోయేది. తిరిగి వచ్చే దారిలో అడగవలసినవన్నీ వరసగా గుర్తొచ్చేవి.

కొన్నేళ్ళకి, అక్కడి నుంచి వస్తున్న వాళ్ళ చేత అక్క నాకొక టచ్ ఫోను పంపింది. తువ్వాలులో చుట్టి, సబ్బుల మధ్య పెట్టింది. ఆ ఫోను చాలాకాలం సబ్బు వాసన వేసేది. వీడియో కాల్ చేయడం నేర్చుకున్న రోజున, ఇన్నేళ్ళకు నా మొహం చూసి ఏడుస్తుందనుకున్నాను. "నీ మొహం తర్వాత చూస్తాను గాని ముందు పెరడు చూపించవే" అంది. మేం ఉంటున్నది అమ్మ ఇంట్లోనే కదా, పెరడు చూపించాను. గిలక బావి దగ్గర, జామచెట్టు కింద, దడి పక్కన నన్ను తిప్పింది. వంటింట్లోకి తీసుకెళితే రోలు దగ్గర కాసేపు ఆపమంది. అప్పటికి అమ్మ పోయి ఏడాది దాటింది. రాలేకపోయిన మనిషి కదా, అమ్మ రుబ్బిన ఆ రోలుని కళ్ళారా చూసుకుంది.

ఇద్దరి కష్టమూ కలిపితే ఒక స్థలం, దాంట్లో చిన్న ఇల్లు. అంతకు మించి రాదని వాళ్ళకీ తెలుసు, మాకూ తెలుసు. ఎక్కడ కొంటే అక్కడే మిగతా బతుకంతా. అందుకే ఆ స్థలం సంగతి రావడంతో అక్కకీ బావగారికీ పేచీ మొదలైంది.

బావగారి మనసు జొన్నాడ దాటాక హైవే పక్కన వేసిన లేఅవుట్ మీద పడింది. ఆయన పుట్టిన ఊరికి కూతవేటు దూరం. రావులపాలెం బ్రోకరు ఒకాయన డ్రోను వీడియో పంపాడు. పాట వస్తూ ఉంటుంది, కెమెరా గద్దలా తిరుగుతూ ఉంటుంది. ఒక్క ఇల్లు లేదు గాని ముందు పెద్ద ఆర్చి ఉంది. ఎవరూ నడవని రోడ్డుకి రెండు పక్కలా లైటు స్తంభాలు ఉన్నాయి. "పొద్దున్న లేచేసరికి రేటు మారిపోతుందండీ" అన్నాడు బ్రోకరు. యజమాని కోసం ఎదురుచూస్తూ కారులో కూర్చున్నప్పుడల్లా బావగారు ఆ వీడియో చూసుకునేవారట. అక్కే నవ్వుతూ చెప్పింది, నవ్వు పూర్తిగా రాకపోయినా.

రెండో స్థలం మా గోడ వెనకాలది. పక్కవాళ్ళ కొబ్బరితోటలో ముక్క. దానికి డ్రోనూ లేదు, పాటా లేదు. నేనే ఫోను పట్టుకుని గట్టు మీద నడిచాను. నా చెయ్యి వణికి కొబ్బరిచెట్లన్నీ కల్లు తాగినట్టు ఊగాయట.

"ఆ గోడ దగ్గర నిలబడవే. అక్కణ్ణించి నీ వంటింటి కిటికీ కనపడతాదా?" అంది అక్క.

"ఆయ్, కనపడుతోంది."

"పిలిస్తే వినపడతాదా?"

"గొణిగినా వినపడుద్ది."

ఇంకేం అడగలేదు. దానికి ఏ స్థలం కావాలో నాకు అప్పుడే తెలిసిపోయింది. నాకేం కావాలో మాత్రం కొత్తగా తెలియాలా? బిందె మార్చుకున్న మనిషి మళ్ళీ పక్కకొస్తుందంటే నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

బావగారి మాటలో తప్పేమీ లేదు, అదే చిక్కు. హైవే, పెరిగే ధర, ఆయన పుట్టిన చోటు, అన్నిటికీ మించి తియ్యటి నీళ్ళు. మా వైపు చూస్తే ఉప్పునీళ్ళూ నేనూ. అక్క ఒప్పుకోకపోయేసరికి ఆయన తన పాత వేళాకోళమే బయటికి తీశారు. "సరే, మీ అమ్మగారి పద్ధతే పెట్టుకుందాం. ఆ స్థలం నీళ్ళతో మీ చెల్లెల్ని పప్పు వండమను. మనిద్దరం ఫోనులో చూద్దాం. ఉడికితే మీ ఊళ్ళోనే. ఉడక్కపోతే నా ఊరు." గెలుస్తాననే ధీమా అది. మా ఊరి పప్పు సంగతి ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు?

శుక్రవారం మధ్యాహ్నం పెట్టుకున్నాం. తోటలోని బోరు కొట్టి బిందెడు నీళ్ళు తెచ్చాను. కుక్కరు వద్దన్నారు, గిన్నెలోనే వండాలి. ఫోనుని ఉప్పు జాడీకి ఆనించి, గిన్నె కనపడేలా పెట్టాను. తెర మీద మూడు గళ్ళు. ఒకదాంట్లో నా పొయ్యి. ఒకదాంట్లో కారు సీటులో బావగారు. ఇంకోదాంట్లో తలకు గుడ్డ చుట్టుకుని, ఎవరిదో పెద్ద వంటింట్లో గోడకి ఆనుకుని అక్క.

పప్పు మరిగింది. మరుగుతూనే ఉంది. బావగారు కూనిరాగం తీస్తున్నారు. నేను గరిటెతో బద్ద తీసి నొక్కితే గవ్వలా ఉంది. "ఏవైందండీ మరదలుగారూ, బ్రోకరుకి ఫోను చేసెయ్యనా?" అన్నారు.

"ఆగండి, అంత తొందరేంటి" అన్నాను. పొయ్యి మంట పెంచాను.

అప్పుడు అక్క గడి వైపు చూశాను. మొహంలో కదలిక లేదు. కుడిచెయ్యి మాత్రం మెల్లగా గుండె దగ్గరకు వచ్చింది. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి, చిటికెడు ఏదో వేస్తున్నట్టు కదిపింది. మళ్ళీ చెయ్యి కిందికి వెళ్ళిపోయింది.

నాకు అర్థం కావడానికి క్షణం పట్టలేదు. తినేసోడా. అది చిటికెడు వేస్తే ఎంత మొండి పప్పయినా మెత్తబడి తీరుతుంది. అమ్మ బతికుండగా దాన్ని గడప తొక్కనిచ్చేది కాదు, పప్పు రుచి చెడుతుందని. నేను గిన్నెకి అడ్డంగా నిలబడి, చెంచా వెతుకుతున్నట్టు అలమర తీసి, చిటికెడు సోడా వేసేశాను. తెల్లటి నురగ బుస్సున పొంగింది. గరిటెతో గబగబా అణిచాను. కాసేపటికి పప్పుగుత్తి పెడితే పప్పు వెన్నలా మెదిగింది.

"ఉడికిందక్కా!" అన్నాను.

బావగారి కూనిరాగం ఆగిపోయింది. ఆయన తెర వైపు చాలాసేపు చూశారు. "ఆయ్, ఉడికింది. అయితే మీ గోడ వెనకాలదే మాట్లాడండి" అని కాల్ పెట్టేశారు.

స్థలం కొన్నారు, ఇల్లు కట్టారు, తిరిగి వచ్చేశారు. ఇప్పుడు అక్క వంటింటి కిటికీ, నా వంటింటి కిటికీ ఎదురెదురు. పొద్దున్నే "ఏం కూరే?" అని మొదలైతే రాత్రి దీపం తీసేదాకా ఏదో ఒకటి అవతలికీ ఇవతలికీ పోతూనే ఉంటుంది. నీళ్ళు మాత్రం మారలేదు. తాగడానికీ వండడానికీ ఆటోలో టిన్నులు వస్తాయి. ఎప్పుడైనా రావులపాలెం వైపు బస్సులో వెళితే ఆ ఆర్చి కనపడుతుంది. ఇప్పుడు దాని వెనక మేడలున్నాయి, షాపులున్నాయి. బావగారు అది దాటేదాకా కిటికీలోంచి చూస్తారు. నేను సంచిలో ఏదో వెతుక్కుంటాను. అక్క కళ్ళు మూసుకుంటుంది.

మొన్నటి వానాకాలం రోడ్డు మునిగి నీళ్ళ ఆటో రాలేదు. అక్క బోరునీళ్ళతోనే వంట చేసింది. పప్పు ఉడకకపోతే ఇంత సోడా వేసింది. ముగ్గురం కూర్చుని తింటున్నాం. ఆ సబ్బు లాంటి రుచి నాలిక్కి తగలగానే నేను తల దించుకున్నాను.

బావగారు రెండు ముద్దలు తిని ఆగారు. "మరదలుగారూ, ఈ పప్పుని నేనెక్కడో చూసేనండీ" అన్నారు.

"పప్పుని ఎక్కడ చూస్తారండీ, తింటారు గాని" అన్నాను.

ఆయన ఎడమచెయ్యి గుండె దగ్గరకు తెచ్చారు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరపెట్టి, మెల్లగా కదిపారు.

అక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నేను ముద్ద కంచంలో పెట్టేశాను.

"తెర మీద మూడు గళ్ళున్నాయి కదండీ. నాకొక్కటే కనపడతాదనుకున్నారా? నురగా చూసేను, వేళ్ళూ చూసేను" అన్నారు.

"చూసి ఊరుకున్నారా? మీ ఊరు వదులుకుని?" అంది అక్క.

"ఉడికిందని మీ చెల్లి అంది చూడు, అప్పుడు నీ మొహం కూడా చూసేను. అన్నేళ్ళలో అక్కడ నీ మొహం అలా ఎప్పుడూ లేదు. ఇంక నీళ్ళ సంగతి ఏం అడుగుతాను?"

అక్క ఏడ్చేసింది. నేనూ ఏడ్చేశాను, దాచుకోవాలని కూడా అనిపించలేదు. బావగారు మా ఇద్దరి వంకా ఒకసారి చూసి, కంచం ముందుకు జరిపారు.

"ఏడుపులు తర్వాత. ఇంకో గరిటె వెయ్యి" అన్నారు.