నీటి వనరులు: లేవు

అరకులో నన్ను చూస్తే చాలు, ఎవరో ఒకరు ఫోను చేతికిచ్చి ఫోటో తీయమంటారు. నా ముఖంలో ఏముందో తెలియదు. “వెనకాల కొండ కూడా పడాలండీ” అంటారు. రోడ్డు వెడల్పు చేశాక కొండ సగమే మిగిలింది కనుక ఇప్పుడు సులువుగానే పడుతోంది. అభివృద్ధి వల్ల ఉపయోగం లేదని ఎవరన్నారు?

డుంబ్రిగుడ అవతల, ఆ రోడ్డు పక్క కొండ మీది ఊళ్లో పదకొండేళ్లుగా బడిపంతుల్ని. ఊరికి పైన, రాళ్ల మధ్య ఒక ఊట ఉండేది. మండు వేసవిలోనూ ఆగేది కాదు. దాని విషయంలో ఊరివాళ్లకు ఒకటే కట్టుబాటు. కొత్తవాళ్లకు దాన్ని చూపకూడదు, ఉందని చెప్పకూడదు. చెబితే అలిగి వెళ్లిపోతుందట. నేను సైన్సు పంతుల్ని. విని నవ్వుకుని ఆ నీళ్లే తాగేవాణ్ణి.

రోడ్డు పని మొదలవకముందు సర్వే ఆయన వచ్చాడు. దస్తూరీ బాగుంటుందని రాయడానికి నన్ను కూర్చోబెట్టుకున్నాడు.

“ఊళ్లో నీటి వనరులేవైనా ఉన్నాయా?”

జనం నేల చూపులు చూశారు.

“మీరు నీళ్లు తాగరేటి?”

“తాగుతాం బాబూ,” అన్నాడు ఊరిపెద్ద.

“ఎక్కడివి?”

“కుండలోవి.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సర్వే ఆయన మాత్రం వాచీ చూసుకుని, “బేగి కానీండి మాస్టారూ” అన్నాడు. ‘నీటి వనరులు’ అన్న గడిలో ‘లేవు’ అని గుండ్రంగా రాశాను. ఊరి ఆచారాన్ని గౌరవించానని కాస్త గర్వపడ్డాను కూడా. పైగా ఆకలేస్తోంది.

లేని ఊట పక్కన రాళ్లు పేల్చడానికి ఎవరికి అభ్యంతరం? పేల్చారు. వారం తిరిగేసరికి ఊట ఉన్నచోట తడి కూడా లేదు. ఫిర్యాదు పట్టుకుని ఆఫీసుకు వెళితే నా దస్తూరీనే నాకు చూపించి, “లేనిది ఎలా పోతుందండీ?” అన్నారు. తర్కంలో తప్పు పట్టలేకపోయాను.

ఇప్పుడు నీళ్లు ట్యాంకరులో వస్తున్నాయి, పచ్చదనం చూడవచ్చిన కార్లు దారి ఇచ్చినప్పుడు. మొన్న ట్యాంకరు దగ్గర బిందెల వరసలో నా ముందు ఒక ముసలమ్మ నిలబడింది. నేను ఊరికి కొత్తలో, రోజూ నా గదికి ఊట నీళ్లు మోసి పెట్టింది ఆమే. ఓదార్చుదామని, “ఆ రోజు మీరంతా ఒక్కమాట చెప్పాల్సింది మామ్మా” అన్నాను.

ఆమె ఖాళీ బిందె కింద పెట్టింది.

“మేం సెప్పకూడదు మాస్టారూ. తొమ్మిదేళ్లు తాగినోడివి, నువ్వెందుకు రాయనేదు?”