ఐర్లండాయన ఎడమ మోకాలు

మా మామకు ఐర్లండులో ఒక మోకాలు ఉండేది. ఎడమది. దాని బాగోగులు ఆయనకు తెలిసినంతగా అక్కడి డాక్టర్లకైనా తెలుసో లేదో. ఏ లిగమెంటు తెగింది, ఎలా కుట్టారు, ఎప్పుడు కట్టు విప్పారు, ఎప్పుడు పరుగెత్తించారు, అన్నీ నోటికి వచ్చు. తిరుత్తణి కొండ కింద మా అంగడికి ఇత్తడి వేలాయుధమో విభూది పొట్లమో కొందామని వచ్చినవాళ్లకు కూడా ఆ సంగతి పూర్తిగా చెప్పిగానీ చిల్లర ఇచ్చేవాడు కాదు. ఆ మోకాలు ఒక రగ్బీ ఆటగాడిది. మామ ఆ మనిషిని జన్మలో ఎదురుగా చూసింది లేదు. అదే ఇంట్లో, మామ పడకకుర్చీ పక్కనుంచే, మా అత్తమ్మ గోడ పట్టుకుని నడిచేది. ఆమె కాళ్ల సంగతి అడిగితే మాత్రం "వయసైతే అంతేలే" అనేవాడు.

నాది పాండూరు. వరిమడి పనుల మధ్య పెరిగినదాన్ని. పిల్లకు నోరు కొంచెం ఎక్కువని మావాళ్లు ముందే చెప్పి మరీ పెళ్లి చేశారు, కాబట్టి ఆ తప్పు నాది కాదు. మా ఆయన రోజూ రైల్లో తిరువళ్లూరు ఆఫీసుకు పోయి చీకటి పడ్డాక వస్తాడు. ఆ రైలు పుణ్యమా అని ఇంట్లో ఎవరి పక్షమూ మాట్లాడాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

ఈ రగ్బీ పిచ్చి ఎలా పట్టిందో చెప్తాను. క్రికెట్టు చూడ్డానికని మామ ఫోనులో ఏదో ప్యాకేజీ వేయించుకున్నాడు. ఒక సాయంత్రం ఎక్కడో వాన పడి ఆట ఆగింది. ఈయన వేలు ఎక్కడ తగిలిందో ఏమో, ఇంకో ఆట వచ్చింది. పచ్చ చొక్కాల గుంపొకటి, తెల్ల చొక్కాల గుంపొకటి, బురదలో ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఒకడి ముక్కు పగిలి నెత్తురు కారుతోంది. వాడు ఆ నెత్తురు తుడుచుకుని మళ్లీ గుంపులో దూరాడు. నున్నటి గుండు.

"ఏమ్మే, ఇట్ల రా!" అని మామ కేక. "గుండు కొట్టించుకోని ఉండాడు చూడు. యాడో మొక్కుంటాది ఈయప్పకు."

అత్తమ్మ వచ్చి ఫోనులోకి వంగి చూసింది. "తెల్లోళ్లకు మొక్కులుంటాయా?"

"మొక్కు లేకుండా ఇన్ని దెబ్బలు తిని ఎవురు లేస్తారు?"

అంతే, తేలిపోయింది. ఆ మనిషి ఐర్లండు దేశం జట్టులోకి అప్పుడే కొత్తగా వచ్చాడని మామకు తర్వాత తెలిసింది. మా కొండ మీది మురుగన్ భక్తుడని మాత్రం మొదటి రోజే తెలిసిపోయింది. దినమూ గుండ్లు చూసే ఊరు మాది. గుండు కనిపిస్తే మొక్కే అనుకుంటారు. పాపం జుట్టు రాలిపోయిందేమో మామా, అన్నాను. "నీకేం తెలుసులేమ్మా" అన్నాడు.

తర్వాత ఆ ఆట మాకూ నేర్పాడు. బంతి కోడిగుడ్డు మాదిరి ఉంటుంది. చేత్తో వెనక్కే ఇవ్వాలట, ముందుకు విసిరితే తప్పట. "ఎనక్కి ఇచ్చుకుంటా ముందుకెట్ల పోతారు?" అని అత్తమ్మ అడిగింది. "ఎత్తుకోని పరిగెత్తాల. అడ్డమొచ్చినోళ్లను గుద్దుకుంటా పోవాల" అన్నాడు మామ. మెడలు మెడలు కలిపి రెండు గుంపులు తోసుకోవడం కూడా అందులో ఉంది. ఆడి కృత్తిక పండగ నాడు కొండ దిగి చిత్తూరు బస్సు ఎక్కే జనంలా ఉన్నారే అన్నాను. మామకు కోపమొచ్చింది. "మనోడు దాంట్లో ముందు వరసలో ఉంటాడు, తెలుసా?" అన్నాడు. కన్న కొడుకునైనా అంత ముద్దుగా "మనోడు" అన్నది నేను వినలేదు.

పచ్చ టీషర్టు కూడా ఒకటి కొన్నాడు. ఆట ఉన్న రోజు అదే వేసుకుని అంగట్లో కూర్చునేవాడు. పసుపు బట్టల్లో కావడి ఎత్తుకుని వచ్చే జనం, వాళ్లకు ఎదురుగా పచ్చగా మా మామ. అడిగినవాళ్లకు అడగనివాళ్లకు ఆ మనిషి చరిత్ర. మొదటి ఆట ఎవరి మీద ఆడాడు, ఏ ఆటలో పన్ను పోయింది, ఏ ఏడు జట్టులోంచి తీసేశారు, మళ్లీ ఎవరి కాళ్లూ పట్టుకోకుండా ఎలా వచ్చాడు. మా పెళ్లి ఏ నెలలో జరిగిందో అడిగితే మాత్రం అత్తమ్మ వంక చూసేవాడు.

ఇంతలో అత్తమ్మ నడక బాగా పాడయింది. లేవాలంటే ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి గోడ మీద. "మురుగా" అని లేచేది, "అమ్మాడీ" అని కూలబడేది. ఊళ్లో డాక్టరుకు నేనే చూపించాను. ఎముకలు రాసుకుపోతున్నాయి, తిరువళ్లూరులో పెద్ద ఆస్పత్రికి తీసుకుపోండి, ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యం చేస్తే మంచం పడుతుంది అన్నాడాయన.

"ఆడి నెల పోనీ" అన్నాడు మామ. ఆడి పోయింది. "అయ్యప్ప సామి వాళ్లు వచ్చే సీజను పోనీ" అన్నాడు. అదీ పోయింది. "నిన్ను ఆస్పత్రిలో ఏస్తే ఇల్లెవురు చూస్తారు మే?" అన్నాడు. నేను అక్కడే చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాను. "నేను కనపడలేదా మామా?" అన్నాను. "నీకు అంగడి పనుంటాది గదమ్మా" అన్నాడు, ఎంతో దయగా.

సరిగ్గా అప్పుడే ఐర్లండాయన ఎడమ మోకాలు పోయింది. ఆ రోజు మామ అన్నం ముట్టలేదు. పొట్లాలు కట్టే కాగితం మీద మోకాలు బొమ్మ గీసి, ఆ బొమ్మ తెచ్చి ఎవరికి చూపించాడనుకున్నారు? అత్తమ్మకే. "చూడు మే, ఈడ తెగింది. ఎంటనే ఆపరేషన్ చేసేసినారు. ఇట్లాంటివి నానబెడితే మోకాలు దేనికీ పనికిరాకుండా పోతాది." అత్తమ్మ కింద కూర్చుని కాలు చాపుకుని వింది, తలూపింది. ఎవరితో ఏం మాట్లాడుతున్నానో అన్న స్పృహ ఆ మనిషికి ఆవగింజంతైనా లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఆటోలో కొండ మీదికి పోయివచ్చాడు. "మనోడు మళ్లా ఆడితే నువ్వు పడిపూజ చేస్తావని మొక్కినా" అన్నాడు.

పడిపూజ అంటే కింది మెట్టు మొదలు పై మెట్టు దాకా, ప్రతి మెట్టు దగ్గరా వంగి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించడం.

"నేనా?" అంది అత్తమ్మ.

"మరి నేనా? ఆడోళ్లు చేసే పూజ గదా అది."

మా ఇళ్లలో ఎప్పుడూ ఇంతే. మగవాళ్లు మొక్కుతారు, ఆడవాళ్లు తీరుస్తారు. కొడుకు పాసైతే మా ఇంటామె పొర్లుదండాలు పెడుతుంది, వ్యాపారం నిలబడితే మా కోడలు ఉపవాసాలుంటుంది అంటారు. సామి కూడా దీనికి అలవాటు పడిపోయాడు. కానీ ముక్కూ మొహం తెలియనివాడి మోకాలు కోసం కట్టుకున్నదాని మోకాళ్లను సామికి రాసిచ్చిన మొగుణ్ని చూడడం మాత్రం నాకదే మొదటిసారి. రాత్రి మా ఆయనతో చెప్పాను. "నాయన మనసు నొప్పించొద్దులే" అన్నాడు. అమ్మ కాళ్లు నొప్పిస్తే ఫరవాలేదా అన్నాను. పొద్దున్నే రైలుందని అటు తిరిగి పడుకున్నాడు.

ఐర్లండాయన కాలు బాగయింది, మళ్లీ ఆడాడు. అత్తమ్మ మెట్లెక్కింది. పసుపు గిన్నె నేను పట్టుకున్నాను. సగం దాకా వచ్చేసరికి ఆమె పెదవి కొరుక్కుంటోంది, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. ఆపేద్దాం అత్తా, అన్నాను. "మొక్కు గదమ్మా, సగంలో నిలిపేస్తే ఎట్ల?" అని మళ్లీ వంగింది. మామ రోడ్డు దారిన ఆటోలో వచ్చి పైన నిలబడి వీడియో తీశాడు. దాన్ని ఐర్లండాయనకు పంపించాడట. ఆ మహానుభావుడు చూసినట్టు కూడా లేదు. చూసి ఉంటే ఎవరో ముసలామెను ఎందుకిలా హింస పెడుతున్నారని పోలీసులకు చెప్పి ఉండేవాడు.

తర్వాత ప్రపంచకప్పు వచ్చింది. ఆ దేశం అందులో క్వార్టర్ ఫైనల్ దాటిన పాపాన పోలేదట. అయినా మామ చక్కెర పొంగలి చేయించాడు. ఎప్పటిలాగే ఓడిపోయారు. పొంగలి మేము తిన్నాం.

ఆ తర్వాత ఐర్లండాయనను బెంచీ మీద కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. చివర్లో కాసేపు దించేవారు. అలా దించిన ఒక రోజు మళ్లీ అదే ఎడమ మోకాలు పోయింది. మామ ఈసారి వ్యాపారస్తుడి బుర్ర ఉపయోగించాడు. "పోయినసారి పనయినాక తీర్చినాం. అందుకే సామి అరకొరగా బాగు చేసినాడు. ఈసారి ముందే తీర్చేస్తామని మొక్కినా. అడ్వాన్సు" అన్నాడు. వచ్చే కృత్తికకు పడిపూజ అని ముహూర్తం కూడా పెట్టేశాడు. అప్పటికి అత్తమ్మ బాత్రూముకు పోవాలన్నా నా భుజం పట్టుకుంటోంది.

కృత్తిక ఇంకా రాకముందే ఒక పొద్దున మామ ఫోను పట్టుకుని వలవలా ఏడుస్తున్నాడు. ఎవరో పోయారనుకుని నేను పొయ్యి ఆపేసి పరుగెత్తాను. ఐర్లండాయన ఆట మానేశాడట. ఆయన రాసింది మామ మాకు తెలుగులో చెప్పాడు. మామకు ఇంగ్లీషు చదవడం వచ్చు, మా ఇంటికి పట్టిన శని అదే.

అత్తమ్మ అంతా విని, "ఆయప్ప ఏమన్నాడంటివి? మళ్లా చదువు" అంది.

మామ ముక్కు చీదుకుని చదివాడు. "నా ఒళ్లు చాలు చాలు అంటా ఉంది. ఇన్ని దినాలు దాని మాట వినలే. ఇంక వింటా."

"నా ఒళ్లూ అదే అంటా ఉంది" అంది అత్తమ్మ. "నేనూ నిలిపేసినా."

"ఏంది మే, పిచ్చా నీకు? కృత్తిక వస్తా ఉంది. ఆడినా ఆడకపోయినా సామికిచ్చిన మాట మాటే గదా?"

"ఎవురిచ్చినారు మాట?"

"నేనే."

"అయితే సామికి నీ మొగం తెలుసు. నువ్వే ఎక్కు. నాకు పోదుం."

పోదుం అనేసింది, అరవంలో. మా ఇంట్లో తెలుగులో చాలు అంటే ఇంకో గరిటె వడ్డిస్తారు. అరవంలో అంటే ఆకు మడిచేసినట్టే. మామ నా వంక చూశాడు. నేను లోపలికి పోయి పచ్చ టీషర్టు ఇస్త్రీ చేసి తెచ్చి ఇచ్చాను.

కృత్తిక నాడు మామ మెట్టు మెట్టుకూ వంగి పసుపు రాశాడు. గిన్నె నేనే పట్టుకున్నాను, ఆ భాగ్యం ఇంకొకరికి ఇవ్వదలచుకోలేదు. పక్కనే పూజ చేస్తున్న ఒక అరవ ఆమె జాలిపడి, ఇంట్లో ఆడవాళ్లు లేరా అయ్యా అని అడిగింది. ఉన్నారు, రిటైర్ అయ్యారు అని నేను చెప్పాను. సగం దారిలో మామ నడుం పట్టుకుని కూర్చుండిపోయాడు. "ఆటో..." అన్నాడు సన్నగా. "మొక్కు గదా మామా, సగంలో నిలిపేస్తే ఎట్ల?" అన్నాను. లేచాడు, ఏం చేస్తాడు!

ఇంటికొచ్చి గడప మీద కూలబడ్డాడు. కాలు మడవలేకపోయాడు, చాపలేకపోయాడు. "ఏమ్మే, నీకు దినామూ ఇట్లనే ఉంటాదా?" అన్నాడు. అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "కాళ్లు కడుక్కోనిరా, అన్నం పెడతాది కోడలు" అంది. అంతే. నేనైతే ఊరంతా వినేలా అనేదాన్ని.

మర్నాడు మామే తిరువళ్లూరు ఆస్పత్రికి ఫోను చేశాడు. ముగ్గురం పోయాం. ఎముకల డాక్టరమ్మ చిన్న పిల్లే. అత్తమ్మ బల్ల ఎక్కడానికి తంటాలు పడుతోంది, నేను పట్టుకున్నాను. డాక్టరమ్మ కాగితం ముందుకు లాక్కుని, తీరిగ్గా కూర్చున్న మామను అడిగింది. "మొదట ఏ కాలికి వచ్చింది నొప్పి?"

మామ అత్తమ్మ కాళ్ల వంక చూశాడు, అవి చెప్తాయేమో అన్నట్టు. తర్వాత నా వంక చూశాడు. నాకు తెలుసు. చెప్పలేదు. డాక్టరమ్మ మళ్లీ అడిగింది. మామ మొహం ఎర్రబడింది, తల దించుకున్నాడు.

బల్ల మీంచి అత్తమ్మే అంది. "కుడిదమ్మా. ఎడమది ఐర్లండాయనది."

డాక్టరమ్మ పెన్ను ఆపి నా వంక చూసింది. "కుడిదని రాసుకోండి మేడం" అన్నాను.