పోపుడబ్బాల మీద ఇంగ్లీషు

అమీర్‌పేటకు మెట్రో రైలు ఇంకా రాలేదు గానీ దాని కోసం తవ్విన గుంటలు మాత్రం వచ్చేశాయి, ఆ రోజుల సంగతి ఇది. ఇప్పుడు స్టేషను మెట్లు దిగే పిల్లల్ని చూస్తే చేతిలో ఫోను తప్ప ఇంకేమీ ఉండదు. ఆ ఫోనే వాళ్ళకు పుస్తకం, బడి, పంతులు. అప్పట్లో చదువంటే కాగితం. గోడల మీద కాగితం, కరెంటు స్తంభాల మీద కాగితం, జిరాక్సు షాపుల ముందు కాగితాల కోసం తోపులాట. ఆ కాగితం రోడ్డు మీద ఉన్నంతకాలం నాకు ఏ బాధా లేదు. అది నా వంటింట్లోకి వచ్చాకే నా ప్రాణం తీసింది. (ఇది రాసిపెడుతున్న మా చెల్లెలి కూతురు అప్పుడే నవ్వుతోంది. నవ్వవే, నవ్వుతూనే రాయి. నేను చెప్పినట్టే రాయి, నీ తెలివి కలపకు.)

మా ఆయన పోయిన మరుసటి ఏడు, ముప్పై కూడా నిండని వయసులో, ఎస్.ఆర్. నగర్ వైపు సందులో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరాను. నలభైమంది పిల్లలు, రెండు పొయ్యిలు, ఒక్కదాన్ని నేను. నాకు నోరు పెద్దది, చదువు చిన్నది. తెలుగైతే కూడబలుక్కుని నాలుగు ముక్కలు చదువుతాను, ఇంగ్లీషు అక్షరాన్ని తలకిందులు చేసి చూపించినా పోల్చుకోలేను. అయినా వంటింట్లో అక్షరాలతో పనేముంది? డబ్బాలన్నిటికీ సున్నంతో చుక్కలు పెట్టుకున్నాను. ధనియాల పొడికి రెండు, మెంతిపొడికి మూడు, ఉప్పుకు ఒక్కటే పెద్ద చుక్క. కళ్ళు సగం మూసుకుని కూడా చెయ్యి వేయగలిగేదాన్ని. ఆ సుఖం మూడు నెలలు కూడా నిలవలేదు. మిర్యాలగూడ నుంచి రెండు జడల పిల్ల దిగింది.

ఆ పిల్లకు ఢిల్లీలో ఏదో పెద్ద కాలేజీలో సీటు కావాలి. సీటొస్తే చదువు, తిండి, గది అన్నీ వాళ్ళవే. అప్పటికే ఒకసారి పరీక్ష రాసి, ఇంగ్లీషు మాటల దగ్గర బోల్తా పడింది. ఈసారి కూడా తప్పితే ఊరికి తిరిగొచ్చి బస్టాండు పక్కన అన్న జిరాక్సు షాపులో కూర్చోవాలని వాళ్ళ నాయన ఖరాఖండిగా చెప్పి పంపాడు. "జీవితమంతా ఎవల సదువో జిరాక్స్ తీసుకుంట కూసోవాల్నా అక్కా?" అని నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనూ జాలిపడ్డాను. ఆ జాలే నా కొంప ముంచింది.

కోచింగ్ సారు ఏం చెప్పాడంటే, కష్టమైన మాటల్ని పుస్తకంలో రాసుకోకూడదట, పుస్తకం మూస్తే మాటా మూతపడుతుందట. రోజూ చూసే వస్తువుకు ఒక్కో మాటను ముడిపెట్టాలట. ఆ పిల్ల రోజూ చూసే వస్తువులన్నీ నా దగ్గరే ఉన్నాయి మరి! మూడు వేల మాటల పుస్తకంలోంచి తనకు బొత్తిగా రానివి నూట ఇరవై ఏరి, చీటీలు రాసి, నా మైదాపిండితోనే బంక కాచి, నా డబ్బాలన్నిటికీ అంటించింది. ఒక్కో డబ్బాకు ఐదారు చీటీలు. నా చుక్కలన్నీ వాటి కిందికి పోయాయి. అంతటితో ఆగిందా? వరస గుర్తుపెట్టుకుంటే మాటలు వచ్చినట్టు కాదని సారు అన్నాడట, అందుకని వారానికోసారి డబ్బాల చోట్లు మార్చేది.

ఇక పొద్దున్నే మొదలు. ఇటు ఉప్మాకు నీళ్ళు మరుగుతుంటాయి, అటు నా భుజం కిందినుంచి రెండు జడలు దూరతాయి.

"అక్కా, జర జరుగు. ఆవాల డబ్బా సూడాలె."

"పోపు మాడుతుందే, సూస్తలేవా?"

"మాడనియ్ అక్కా, ఒక్క నిమిషం. లొక్వేషియస్ అంటే ఊకె ఒర్రేటోడు. ఆవాలు సుత నూనెల పడంగనే ఒర్రుతయ్ గద, అందుకే గీ డబ్బా మీద పెట్టిన."

"మరి నిన్నేడ పెట్టాలె? నువ్వు పొయ్యి ఎక్కకముందే ఒర్రుతున్నవ్!"

ఉడకని శనగల డబ్బా మీద మొండితనం మాటలన్నీ పెట్టింది. అప్పడాల డబ్బా మీద ఎఫెమెరల్ అని పెట్టింది, అంటే ఇట్టే మాయమైపోయేదట. ఉప్పు మీద మాగ్నానిమస్, అంటే పెద్ద మనసు. ఉప్పు అన్ని కూరల్లోనూ కరిగిపోయి పేరు మాత్రం కూరకే ఇస్తుందట. ఇది మాత్రం నాకు నచ్చింది (ఆ పిల్లతో అనలేదు, అంటే ఇంకో పది చీటీలు అంటిస్తుంది). నూనె డబ్బాకు మా వార్డెన్ గారు తాళం వేసుకునేవారు, దాని మీద పార్సిమోనియస్, అంటే పిసినారి. ప్రతి మాటకూ ఒక వాక్యం కట్టి, ఒకే రాగంతో గట్టిగా వల్లించేది. చెవులు మూసుకుందామంటే రెండు చేతులా గరిటెలాయె.

ఒక ఆదివారం నాకు విపరీతమైన జలుబు, గుంటల దుమ్ముకు ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. అలవాటు చోట చెయ్యి పెట్టాను, చుక్కలు కనబడవు, వాసన తెలియదు. సాంబారులో ధనియాల పొడి అనుకుని నాలుగు గరిటెల మెంతిపొడి గుమ్మరించాను. నలభైమంది నోళ్ళూ ఒక్కసారే వంకర పోయాయి. పిల్లలు కంచాలు వదిలేసి రోడ్డు మీది బండ్ల దగ్గరికి నడిచారు. కోస్తా వైపు నుంచి వచ్చిన వార్డెన్ గారు గ్లాసు ఎత్తి నా ముఖం ముందు పెట్టి, "ఏంటమ్మా ఇది? సాంబారా, కషాయమా? ఇంకోసారి ఇలా చేస్తే వేరే పని చూసుకోండి" అన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే, రెండు జడల పిల్ల ఒక్కతే ఆ సాంబారును ఇంకో చెంచా తాగి, మొహం చిట్లించి, సంబరంగా అరిచింది: "అక్కా, గిదే గిదే! యాసెర్బిక్ అంటే గీ చేదే! నెల రోజులసంది దిమాగుల నిలుస్తలేదు. ఇగ సచ్చేదాకా మర్సిపోను!"

చూశారా? నా ఉద్యోగం ఊడబోతుంటే దానికి ఒక మాట దొరికింది.

మర్నాడు సోమవారం. పిల్లలంతా క్లాసులకు పోయాక డబ్బాలన్నీ పెరట్లోకి మోసుకెళ్ళి, తొట్టిలో నానేసి, కొబ్బరిపీచుతో తోమాను. మైదా బంక కదా, తడి తగలగానే చీటీలు దోసెల్లా లేచి కాలవలో కొట్టుకుపోయాయి. మూడు నెలల తర్వాత ఆ పూట నేను పాట పాడుకున్నాను. ఎండలో ఆరబెట్టి, కొత్త సున్నంతో చుక్కలు పెట్టి, నా వరసలో నేను పేర్చుకున్నాను.

నాలుగింటికి చాయ్ కోసం ఆ పిల్ల వచ్చింది. గడపలోనే ఆగిపోయింది.

"బొద్దింకలు వట్టినయ్, అందుకే కడిగిన" అన్నాను, అడగకుండానే.

అది నన్ను తిట్టలేదు, ఏడవలేదు. తళతళలాడే ఆవాల డబ్బాను చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పి చూసి, మెల్లగా యథాస్థానంలో పెట్టి, "శుక్రారం పరీక్ష అక్కా" అంది. అంతే. చాయ్ తాగకుండా పోయింది. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టడానికి నాకు నోరుంది. ఇప్పుడు ఆ నోరు ఏం చేసుకోను? ఆ మూడు వేల మాటల్లో తనకు రానివి ఏవో మళ్ళీ ఏరుకోవాలంటే నాలుగు రోజులు ఏ మూలకు?

మంగళవారం పొద్దున పోపు పెట్టాను. ఆవాలు చిటపటమన్నాయో లేదో, నా నోరు దానంతట అదే అందుకుంది: "లొక్వేషియస్, ఊకె ఒర్రేటోడు. గ్యారులస్, వాడి తమ్ముడు. వొసిఫెరస్, మీద వడి ఒర్రేటోడు..." అదే రాగం, అవే వాక్యాలు. అవతల గదిలో కంచం కింద పెట్టిన చప్పుడు. పిల్ల పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, మల్ల అను!"

"ఏమన్న? ఏమో, యాదికొస్తలేదు."

"ఇప్పుడే అంటివి గద!"

"ఊకె నిలవడి అంటే రాదే. ఆవాలు ఎయ్యాలె."

నిజంగానే అంతే. పని జరిగితేనే మాట వచ్చేది. మళ్ళీ ఆవాలు వేశాను, మళ్ళీ వచ్చింది, అది నోటుబుక్కులో రాసుకుంది (ఈసారి పుస్తకంలోనే, సారు మాట గట్టుకు పెట్టి). మొండి మాటల కోసం శనగలు నానబోశాను. మాయమయ్యే మాటల కోసం అప్పడాలు వేయించాను. ఆ మూడు రోజులు హాస్టల్లో ఏ పూట ఏం తిన్నారో దేవుడికే తెలియాలి. పొద్దున శనగలు, మధ్యాహ్నం అప్పడాలతో ఉప్మా, సాయంత్రం చింతపండు పులుసు రెండు రకాలు. నూనె డబ్బా తాళం తీయించుకుని, నూనె వంచుతూ నేను గొంతెత్తి "పార్సిమోనియస్! మన వార్డెన్ మేడం పార్సిమోనియస్!" అంటున్నప్పుడు ఆవిడ నా వెనకే నిలబడి ఉన్నారు.

"ఏంటది? నన్నేంటి అంటున్నారు?"

పిల్ల తడుముకోకుండా, "మస్తు జాగ్రత్తగ ఇల్లు నడిపేటోళ్ళను అట్లంటరు మేడం" అంది. ఆవిడ ముఖం విప్పారింది. ఆ తర్వాత హాస్టల్ చూడటానికి వచ్చిన తల్లిదండ్రులందరితోనూ ఆవిడ ఆ మాటే చెప్పుకునేవారని విన్నాను.

గురువారానికి నూట పదమూడు తేలాయి. మిగిలిన ఏడు ఎంత వండినా రాలేదు. ఉన్న పప్పులన్నీ వండాను, లేనివి అప్పు తెచ్చి వండాను, రాలేదు.

శుక్రవారం పొద్దున్నే పులిహోర కలిపి పడేసి, ఆ పిల్లను తీసుకుని షేర్ ఆటోలో పంజాగుట్ట పోయాను, పరీక్ష అక్కడ ఒక బడిలో. దారంతా నేను చేత్తో గాల్లో గరిటె తిప్పుతూ మాటలు అందిస్తుంటే అది అర్థాలు చెబుతోంది. ఆటో నడిపే భాయ్ అద్దంలోంచి చూసి చూసి, "అమ్మా, గిదేం మంత్రం? జర నాకు సుత చెప్పు, ట్రాఫిక్ తొలుగుతదేమో" అన్నాడు. గేటు బయట మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డాను. బయటికొచ్చి అది మొదట చెప్పిన మాట: "ఆ ఏడిట్లకెల్లి రెండు పేపర్ల వచ్చినయ్ అక్కా."

మొదటి లిస్టులో దాని పేరు లేదు. ఆ తర్వాత ఇరవై రోజులు నేను దాని కంచంలోకి చూసి వడ్డించాను గానీ ముఖంలోకి చూడలేదు. రెండో లిస్టులో, అట్టడుగున, వచ్చింది. హాస్టలంతా కేకలు. నేను మాత్రం పొయ్యి ముందు కూర్చుండిపోయాను.

పెట్టె సర్దుకుని వెళ్ళే రోజు వంటింట్లోకి వచ్చింది. ధైర్యం చేసి అడిగాను: "ఆ ఏడు మాటలేందో మల్ల యాదికొచ్చినయానే?"

"అన్నీ వచ్చినయ్."

"మరి చెప్పు."

"ఎందుకు చెప్పాలె? కోపంల నువ్వే కడిగేస్తివి గద, బొద్దింకల నడుగు పో" అని పకపకా నవ్వి, నన్ను గట్టిగా పట్టుకుని వదిలేసి, రెండు జడలూ ఊపుకుంటూ మెట్లు దిగిపోయింది. నా అబద్ధం మొదటి రోజునుంచే తెలుసు దొంగముండకు! ఆ వయసులో నాకు ఎంత రోషమంటే, పౌరుషానికి పోయి వెనక్కి పిలవలేదు. నాకేం అక్కర, మాటలు నాకేమన్నా కూడు పెడతాయా అనుకున్నాను. ఇప్పుడైతే సందు చివరిదాకా పరిగెత్తి, జడ పట్టుకుని ఆపి, ఏడూ చెప్పించుకునేదాన్ని. అప్పటి నాకు అంత తెలివి లేదు, ఇప్పటి నాకు అంత పరుగు లేదు.